నాలుగేళ్ళా, రెండేళ్ళా

పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం పాత బూట్లు చూడటం. మా కంపెనీ పరుగు బూట్లు తయారుచేస్తుంది. పాడై వెనక్కి వచ్చినవన్నీ నా బల్ల మీదకి చేరతాయి. అరుగుదల చూసి, తప్పు కుట్టుదా, సోలుదా, తొడుక్కున్నవాళ్ళదా అన్నది నేను తేల్చాలి. చూసీ చూసీ, ఈ కాళ్ళు ఇలా ఎందుకు పడుతున్నాయో తెలుసుకోవాలన్న పిచ్చి పట్టుకుంది. ముప్ఫై ఏడేళ్ళకి పట్టాల్సిన పిచ్చేనా ఇది అని మా అక్క అడుగుతూనే ఉంది.

క్రీడా విజ్ఞానం చదవడానికి దారులు రెండు. డిగ్రీ మొదటినుంచీ చదివితే నాలుగేళ్ళు. ఉద్యోగం మానేసి పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చోవాలి. లేదంటే నా పాత డిగ్రీకి ఈ అనుభవం జోడించి నేరుగా పీజీలో చేరితే రెండేళ్ళు, సాయంత్రం క్లాసులు. దానికి ముందు ప్రాక్టికల్ పరీక్ష నెగ్గాలి, అదీ ఇవాళే. ఏ దారైనా ఫారం ఇవ్వడానికి ఇవాళ ఐదింటిదాకానే గడువు.

నేను రెండేళ్ళకే మొగ్గాను. అయినా పొద్దుటినుంచీ పరీక్ష బెంగ వదల్లేదు. కాలేజీకి తోడొచ్చిన అక్క దాన్ని ఇంకాస్త పెంచింది.

“నెగ్గకపోతేనో?”

“కాసేపు ఊరుకోవే అక్కా, నీకు దణ్ణం పెడతాను.”

పరీక్ష గదిలో ఒకమ్మాయి ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు పరిగెత్తింది. గమనించినవి రాయాలి. కుడి మడమ బయటి అంచు మీద పడుతోంది, ఎడమ బూటు అరసైజు పెద్దది అంటూ చకచకా రెండు పేజీలు నింపాను. నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను కూడా.

పరీక్ష పెట్టిన మేడమ్ చదివి కళ్ళజోడు తీశారు. “బూట్ల గురించి ఇంత బాగా ఎవరూ రాయలేదు. సరే, ఆరో నిమిషంలో ఆ అమ్మాయి ఏం చేసింది?”

నేను మెడ చాచి నా పేజీల్లో వెతికాను.

“నడుం మీద చెయ్యేసుకుంది. ఆఖరిదాకా తియ్యలేదు. పోనీలెండి, పాస్ మార్కులైతే వచ్చాయి. చేరడం మీ ఇష్టం.”

పన్నెండేళ్ళలో నా బల్ల మీదకి బూట్లే వచ్చాయి గాని మనిషి రాలేదు. మనిషి వంక చూడాలని నాకు తోచనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వరండాలో ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని లేసులు విప్పుకుంటోంది.

“నడుం నొప్పి తగ్గిందామ్మా?” అనడిగాను.

“నడుం కాదండీ, మోకాలు. మోకాలు పట్టేస్తే చెయ్యి నడుం మీదకే ఎందుకు పోతుందో మరి. మీకు తెలుసా?”

నాకు తెలీదు. రెండేళ్ళ కోర్సులో అది చెప్పరు. తెలుసనుకునే చేర్చుకుంటారు.

నాలుగున్నర దాటింది. నాలుగేళ్ళ గడిలో టిక్కు పెట్టాను. కింద సంతకం చేశాను.

అక్క నెత్తి కొట్టుకుంది. “మతి పోయిందా? పాసయ్యావు కదే!”

“పాసయ్యాననే అక్కా, భయం.”