గది బయట పద్మిని

ఆస్టినాబాద్ కొండవాలున రేకుల ఇళ్ల వరసలో పద్మిని పుట్టి పెరిగింది. తల్లి పోయాక అక్కడి ఇల్లు ఆమెకే వచ్చింది. పెళ్లయి మిడిల్ పాయింట్‌లో కాపురముంటున్నా, మున్సిపల్ కౌన్సిల్ మెంబరుగా గెలిచింది ఆ వార్డు నుంచే.

ఇప్పుడక్కడ కొత్త బస్టాండు, మార్కెట్టు కడతారట. ఒక ప్లానులో ఆ ఇళ్లు పోతాయి. రెండో ప్లానులో రోడ్డవతలి ఖాళీ గోడౌన్లు పోతాయి. పద్మిని చెయ్యెత్తితే ఇళ్లు ఒక్క ఓటుతో నిలుస్తాయి. ఎత్తకపోతే ఓట్లు సరిసమానమై నిర్ణయం చైర్మన్ చేతికి పోతుంది. ఆయన గోడౌన్ల యజమాని వైపని ఊరందరికీ తెలుసు.

కానీ సొంత ఆస్తి ఉన్న చోటు గురించి మెంబరు ఓటు వెయ్యకూడదు. ముందే చెప్పి బయటికి వెళ్లిపోవాలి. ఏడాది కిందట సిప్పీఘాట్ గురించి ఓటింగు వచ్చినప్పుడు, అక్కడ తోటి మెంబరు ప్రవీణ్ కుమార్‌కి స్థలం ఉందని తెలిసి, ఈ నిబంధనే చూపించి ఆయన్ని లేపి పంపించింది పద్మినే.

ఎన్నికల్లో ఆమె కోసం ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగిన, ఆ వరసలోనే ఉండే గురువమ్మ ఉదయాన్నే కౌన్సిల్ ఆఫీసు మెట్ల దగ్గర కాపు కాసింది.

"ఏటే పద్దూ, ఆ ఇల్లు నీదని ఆళ్లకేటి తెలుసు? చెయ్యెత్తీ, బస్, అంతే. నువ్వు లేచి వచ్చీసేవంటే మేం రోడ్డు మీద పడతాం."

పద్మిని ఆవిడ చెయ్యి పట్టుకుని వదిలి, మాట ఇవ్వకుండానే లోపలికి వెళ్లింది.

సభ మొదలవగానే ఎవరికైనా ఆ చోట ఆస్తి ఉందా అని చైర్మన్ హిందీలో అడిగాడు. ఎదురుగా ప్రవీణ్ కుమార్ ఆమెనే చూస్తున్నాడు. పద్మిని లోలోపల లెక్క వేసుకుంది. ఈ ఓటుతో ఇళ్లు నిలిచినా రేపు సంగతి బయటపడితే నిర్ణయం కొట్టేస్తారు, ఆ వరసంతా దొంగదారిన బతికిందంటారు. ఆ లెక్క ఒకటైతే, ఏడాది కిందట తను అన్న మాటలు ఇంకోటి. లేచి, తల్లి ఇల్లు తనదేనని చెప్పింది. ఒక్క మాట మాట్లాడనిమ్మని అడిగితే, నిబంధన ఒప్పుకోదన్నాడు చైర్మన్.

వరండాలో ఆమెని చూడగానే గురువమ్మకి అర్థమైంది. మొహం తిప్పుకుంది. లోపల బల్లలు చరిచిన చప్పుడుతో, ఇళ్లు కూల్చే ప్లానే నెగ్గిందని తెలిసిపోయింది.

ప్రవీణ్ కుమార్ బయటికొచ్చి ఆగాడు.

"ఆ ఇల్లు మీదని నాకు ముందే తెలుసు, దీదీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారో లేదో చూద్దామని."

ఆ వారంలోనే పద్మిని పదవికి రాజీనామా చేసింది. ఇళ్లవాళ్ల అభ్యంతరాలు వినడానికి భూసేకరణ ఆఫీసరు వచ్చిన రోజున వాళ్లందరి తరఫునా తనే లేచింది. ఈవిడకి అక్కడ సొంత ఇల్లుందని గోడౌన్ల యజమాని వకీలు అడ్డు తగిలాడు.

"ఉందండి. ఇప్పుడు మెంబర్ని కాను, ఇంటి యజమానిని. అందుకే ఇవాళ నేను మాట్లాడొచ్చు," అంది పద్మిని.

మధ్యాహ్నం దాకా మాట్లాడింది. ఖాళీ గోడౌన్లుండగా కాపురాలెందుకు కూల్చాలని అడిగింది. ఆఫీసరు రెండు చోట్లా మళ్లీ సర్వే చెయ్యమని, అంతదాకా ఇళ్లు ముట్టుకోవద్దని ఆదేశించాడు. గెలిచామని ఎవరూ అనుకోలేదు, ఊపిరి మాత్రం పీల్చుకున్నారు.

గురువమ్మ ఇంకా మాట్లాడలేదు. తిరిగి వెళ్లే బస్సులో మాత్రం కాస్త జరిగి, పద్మినికి పక్కన చోటిచ్చింది.