నాలుగో నెల

అన్న మళ్ళీ పడిపోయాడని కబురు వచ్చినప్పుడు కలైసెల్వి బెంగళూరులో, ల్యాబులో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఉంది. పుట్టకముందే చనిపోయిన ఒక కోతిపిల్ల మెదడు పొరల్లో కణాలు లెక్కపెడుతోంది. మిగతా కణాలు ఒక్కసారిగా చెలరేగిపోకుండా అణచి ఉంచేవి అవి. మెదడు అడుగున, లోతుగా ఒకచోట పుట్టి, పైపొర దాకా అంత దూరం జరుగుతూ వెళ్తాయి. కోతుల్లో, మనుషుల్లో కొన్ని పైపొర దగ్గరే పుడతాయా అన్నది ఆమె ఆరేళ్ళుగా తేల్చలేకపోతున్న ప్రశ్న.

ఈ చదువు ఎందుకు పట్టావని ఎవరడిగినా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. అసలు కారణం అన్న ముత్తుకృష్ణన్. ఆమెకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే ఐదేళ్ళ కలైసెల్వి అతని తలకింద చెయ్యి పెట్టేది. అమ్మ వేలమ్మాళ్ మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయేది, దగ్గరికి వచ్చేది కాదు. అమ్మ ఎందుకు రాదో అప్పుడు తెలియలేదు. పెద్దయ్యాక అడగలేదు.

ముత్తుకృష్ణన్ తమిళనాట కోవిల్‌పట్టిలో కడలె మిఠాయి, అంటే వేరుశనగ పట్టీలు, చేసేచోట పొట్లాలు కట్టేవాడు. బెల్లం పాకం కాగే బాణలి వైపు అతన్ని పోనిచ్చేవారు కాదు. ఈసారి పొట్లాల మధ్యే పడి పన్ను విరిగింది. యజమాని చెల్లదురై మంచివాడే. "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు" అని ఆటో ఎక్కించి పంపేశాడు. ఆ పని తప్ప అన్నకు వేరే లోకం లేదు.

కలైసెల్వి సెలవు పెట్టి వచ్చి, అన్నను విరుదునగర్‌లో స్కాన్‌కు తీసుకెళ్ళింది. అమ్మ రానంది. మోకాళ్ళు నొప్పి అంది.

"లోపల ఏం చేస్తారు పాపా?" అన్నాడు ముత్తుకృష్ణన్, బెంచీ మీద వంతు కోసం కూర్చుని.

"పెద్ద శబ్దం వస్తాది. బయపడొద్దు. కదలకుండా పండుకో."

"నా మండె నీ చదువుకి పనికొస్తాదా?" అన్నాడు తల తడుముకుంటూ.

ఆమె అతని జేబులోని చిల్లర తీసి తన సంచిలో వేసుకుంది. తన చదువుకు అతనే కారణమని అతనికి ఏనాడూ చెప్పలేదు.

డాక్టరమ్మ తెరమీద చూపించింది. మెదడు నడిమి గదుల అంచున, ఉండకూడని చోట, మూడు బూడిదరంగు గింజలు. పైకి వెళ్ళాల్సిన కణాలు బయల్దేరిన చోటే ఆగిపోయాయని, అక్కడినుంచే మూర్ఛలు వస్తున్నాయని తమిళంలో చెప్పింది. కొత్త మాత్రలు రాసింది. జన్యు పరీక్షకని అన్న రక్తం తీయించి, ఊరికి పోయాక అమ్మానాన్నల రక్తం కూడా పంపమంది.

కలైసెల్వి ఆ గింజల్నే చూస్తూ నిలబడింది. తాను లెక్కపెట్టేవి సరిగ్గా ఈ కణాలు కావు, వీటి ఇరుగుపొరుగువి. అయినా కోతుల మెదళ్ళలో ఆమె వెతికిన దారి ఇదే. అన్న ఆ దారి మొదట్లోనే నలభై ఒక్క ఏళ్ళుగా ఒంటరిగా ఉన్నట్టనిపించింది.

ఇంటికొచ్చేసరికి నాన్న సుబ్బురాజ్ చేనికి పోయి ఉన్నాడు. అన్న అలసిపోయి నిద్రపోయాడు. అమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. కలైసెల్వి పక్కన కూర్చుని, డాక్టరు చెప్పింది ఇంటి తెలుగులో, తేలిక మాటల్లో చెప్పింది.

"అది ఎప్పుడు ఆగిపోయింది?" అంది అమ్మ.

"నీ కడుపులో ఉన్నప్పుడే మా. నాలుగో నెలో, ఐదో నెలో."

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"నాలుగో నెలలో నేను పడితిని."

"ఏడ?"

"విరుదునగర్ బస్టాండులో. మీ నాయన చెయ్యి చేసుకున్న పొద్దు, ఇంక రానని కారియాపట్టికి, మా అమ్మ దగ్గరికి బయలుదేరితిని. బస్సు దిగేటప్పుడు ఎవురో తోసిరి. బోర్లా పడితిని. సాయంత్రం దాకా ఆడనే కూర్చొని, తిరిగి వచ్చేస్తిని. ఎవురికీ చెప్పలే." ఎదురుగా ఉన్న మిరపకాయలకే చెబుతున్నట్టు చెప్పింది. "వానికి మొదట ఇట్ల వచ్చినప్పుడే అనుకొంటిని. నేనే చేస్తిని అని."

"పడితే ఇట్ల రాదు మా."

"నిజంగానా? నూటికి నూరు?"

అవునంటే సరిపోయేది. కానీ లెక్క తేలనిది తేలిందని చెప్పడం ఆమెకు చేతకాదు. "నూటికి తొంబై. రక్తం సంగతి వస్తే తెలుస్తాది."

"సరి. పది నాకు ఉండనీ" అంది అమ్మ. మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. తర్వాతి వారం బెంగళూరు రైలెక్కిన కలైసెల్వి, ఆ ఒక్క అవును ఎందుకు అనలేకపోయానా అని దారంతా తనను తానే తిట్టుకుంది.

ఏడు వారాలకు ఫలితం వచ్చింది. అన్న జన్యువుల్లో ఒక మార్పు ఉంది. అమ్మలో లేదు, నాన్నలో లేదు. బిడ్డ ఏర్పడేనాడే కొత్తగా పడింది. దెబ్బతో వచ్చేది కాదు. కలైసెల్వి కాగితం రెండుసార్లు చదివి, ల్యాబు వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"మా, నువ్వు పడినందుకు కాదు. ఇది నూటికి నూరు నిజం."

అవతల అమ్మ ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"అట్లయితే ఎవురు చేసింది?"

"ఎవురూ లేదు మా. తానుగా అయింది."

"ఎవురూ లేదా?"

"లేదు."

అమ్మ ఏడ్చింది. కలైసెల్వి ఫోన్ చేసింది ఊరట చెబుదామని. ఇన్నాళ్ళూ అన్న జబ్బులో అమ్మకు, తప్పు రూపంలోనైనా, ఒక వంతు ఉండేది. దాన్ని తనే లాగేసుకున్నట్టయింది.

కాసేపటికి ఏడుపు దూరమైంది. అమ్మ ఫోన్ కట్ చేయకుండా ఎక్కడో పెట్టి లేచింది. కుక్కర్ కూత వినిపించింది. తలుపు చప్పుడు. కొత్త మాత్రలతో మూర్ఛలు తగ్గి అన్న తిరిగి పనికి పోతున్నాడు. ఆ వేళకు ఇంటికి వచ్చినట్టున్నాడు.

"సామీ, మాత్ర వేసుకొంటివా?" అమ్మ గొంతు.

"వేసుకొంటిని మా. ఏల ఏడుస్తావు?"

"ఏం లేదు. ఇట్ల రా. నా పక్కన కూర్చో."

కలైసెల్వి ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల ఇంక మాటలేవీ వినిపించకపోయినా, వరండాలో అలాగే నిలబడి ఉంది.