పాట అనుకున్నది

విమానం దాటిపోయేదాకా ఆనందం సారు చాక్‌పీసు పట్టిన చెయ్యి బోర్డు మీద అలాగే ఉంచి నిలబడ్డాడు. మామిడిపల్లిలోని ఆ ప్రైవేటు బడికి రేకుల కప్పు. విమానం కిందుగా పోయిందంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. మోత తగ్గగానే, ఎప్పటిలా సన్నటి భుజాలు ముందుకు వంచి, వదిలేసిన చోటే మాట అందుకున్నాడు.

"కేంద్రభావం రాసుకోండి. శ్రమలోని ఆనందం."

పదో తరగతికి ఏటా చెప్పే కవితే. తెల్లవారకముందే లేచిన కోడలు తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ పాడుతుంటుంది. పక్క గదిలో పడుకున్న అత్త ఆ పాట విని మురిసిపోతుంది. విసరడం ఆగితే పాటా ఆగుతుంది. కోడలి స్వభావం: ఉల్లాసం, ఓర్పు. ఈ జవాబు రాయించడానికి ఆయనకు పుస్తకం కూడా అక్కర్లేదు.

కిటికీ పక్కన స్వర్ణలత రాయడం మానేసి కూర్చుంది.

"ఏమ్మా, అర్థం కాలేదా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "ఆమె పాడుతలేదు సార్. ఏడుస్తుంది."

"పాట అనే రాసి ఉంది కదా."

"అది అత్తకు ఇనబడ్డది సార్. కోడలి మొఖం ఎవ్వరు చూడలే. తిరగలి ఆగితే పాటెందుకు ఆగాలె? సప్పుడు లేకుంటే ఏడుపు బయటపడ్తది." కాస్త తటపటాయించి, "మా అమ్మ గూడ విమానం పోయేటప్పుడే ఏడుస్తది," అంది.

ఆనందం సారు పుస్తకం తెరిచి కవిత మొదటినుంచి చదివాడు. అందులో ఎక్కడా కోడలి ముఖం లేదు. లేని ముఖానికి తానే నవ్వు తగిలించి, ఇన్నేళ్లూ పిల్లల చేత రాయించాడు.

"నువ్వనుకున్నదే రాయి," అన్నాడు.

సాయంత్రం శంషాబాద్‌లో షేర్ ఆటో దిగి ఇంటికి నడిచాడు. పెరట్లో భార్య ప్రేమావతి బట్టలు ఉతుకుతోంది. పిలవబోయేంతలో నెత్తిమీదికి విమానం వచ్చింది. ఆమె చేతిలోని బట్ట వదిలేసి, రెండు చేతులతో పొట్ట అదుముకుని, బండ మీదికి వంగిపోయింది. వీపు ఎగిరెగిరి పడుతోంది. మోత దూరమయ్యేసరికి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది. ఏమీ జరగని ముఖం.

"ఇయ్యాల జల్ది వచ్చినవేంది? చాయ్ పెడ్త ఆగు."

ఆనందం బండ దగ్గరికి వచ్చాడు. "ఎప్పటి సంది నొస్తుంది?"

ఆమె తన తడి చేతులకేసి చూసుకుంది. "షెకీనా పెండ్లికి ముంగట సంది."

షెకీనా వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. ఇప్పుడామె చంకలో పిల్లవాడున్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?" ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "పెండ్లి ముంగట దవాఖాన అంటే అందరు పరేషాన్ అయితరనుకున్న. పెండ్లయినంక ఇగ అలవాటైపోయింది."

మర్నాడు దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలన్నీ చూసిన డాక్టరు, జబ్బు ముదిరిపోయిందని చెప్పి, ఇన్నాళ్లు ఈమె ఎలా ఓర్చుకుందని ఆయననే అడిగాడు. ఆ వానాకాలం వెళ్లకముందే, ఒక మధ్యాహ్నం ఆయన గ్లాసులో నీళ్లు పట్టుకొచ్చేలోపు ప్రేమావతి ప్రాణం పోయింది.

భూస్థాపన అయిన మర్నాడు ఇల్లు ఊడుస్తున్న షెకీనా, తల్లి మంచం కిందనుంచి ఒక మూట లాగింది.

"బాపు, ఇదేంది?"

పాత చీరపేలికలో చుట్టిన ఇటుక. బట్ట అక్కడక్కడ మాడి, ఆ చిల్లుల్లోంచి పొయ్యి మీద కాగి కాగి మసిబారిన మూల కనబడుతోంది. నొప్పికి ప్రేమావతి దాన్ని కాచి పొట్ట మీద పెట్టుకునేదని చూడగానే అర్థమైంది. బిడ్డ చేతిలోంచి అందుకుని, భార్య వేసిన ముడి విప్పకుండానే ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇటుక చల్లగా ఉంది.