ముందు వేసుకున్న మాత్ర

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు లిఫ్టు మెకానిక్ చనిపోయాడు. వయసు యాభై రెండు. కాలేయం పనిచేయడం ఆగిపోయిందని ఆసుపత్రివాళ్లు చెప్పారు.

హెపటైటిస్ సి వైరస్ ఆయన ఒంట్లోకి ఎప్పుడు చేరిందో తెలియదు. కుర్రతనంలో లిఫ్టు గుంటలో పడి కాలు విరిగినప్పుడు రక్తం ఎక్కించారు. దాంతో వచ్చి ఉండవచ్చు. జబ్బు బయటపడేనాటికి కాలేయం గట్టిపడింది. డాక్టరమ్మ మూడు నెలల కోర్సు రాసింది. రోజుకో మాత్ర. ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. భార్య మాననివ్వలేదు. పొద్దున్నే ముందు గ్యాస్ మాత్ర, ఆ తర్వాత అసలు మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడేది.

“అంత పవరున్న మందు వట్టి కడుపులో పడితే పేగులు మాడిపోవూ?” అనేది.

ఆ ఇంట్లో జ్వరం బిళ్లకైనా ముందు గ్యాస్ మాత్ర ఉండాల్సిందే.

కోర్సు అయిపోయిన మూడు నెలలకు రక్తపరీక్ష చేశారు. వైరస్ పోలేదు. ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది.

“వేరే మందులేమైనా వాడారా?”

“లేదు మేడమ్.”

“నాటు మందులు? నిద్రమాత్రలు? గ్యాస్ మాత్రలు?”

మెకానిక్ నవ్వాడు. “గ్యాస్ మాత్ర కూడా ఒక మందేనా మేడమ్? అది తోడుపెళ్లికొడుకు. ఏ మందు వెంటైనా వస్తుంది.”

డాక్టరమ్మ నవ్వలేదు. కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మందు సరిగా కరగదని, ఒంటికి పట్టదని చెప్పింది. “మొదటిరోజే అడిగాను కదండీ. ఏమీ వాడట్లేదన్నారు.”

భార్య కుర్చీలో ముందుకు జరిగింది. “అమ్మా, అది...”

“నేనే కొనుక్కున్నా మేడమ్,” అన్నాడు మెకానిక్. “ఈవిడకి తెలీదు. నా నోటికి అదుపు లేదు, పొట్టకి బుద్ధి లేదు.”

బయట వరండాలో ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఎందుకండీ ఆ అబద్ధం?”

“ఆవిడ నిన్ను నాలుగు దులిపితే, ఆ కోపం రాత్రికి నా కంచంలో పడుతుంది. పద, బస్సు పోతుంది.”

ఇంకో మందుతో రెండో కోర్సు మొదలుపెట్టాలనుకున్నారు. ఈలోపే ఆయన పనిచేస్తున్న చోట రక్తం కక్కుకున్నాడు. తోటి మెకానిక్ ఆసుపత్రిలో చేర్చాడు. ఆ వార్డు నుంచి ఆయన ఇంటికి తిరిగి రాలేదు.

తర్వాతి మంగళవారం భార్య డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

“ఆ గ్యాస్ మాత్ర నేనిచ్చానమ్మా. ఆయన కొనుక్కోలేదు.”

డాక్టరమ్మ లేచి తలుపు వేసి వచ్చింది. కాలేయం గట్టిపడినవాళ్లలో మందు పనిచేసే అవకాశం తగ్గుతుందని చెప్పింది. వైరస్‌లో రకాలున్నాయని, ఆయనది లొంగడం కష్టమైన రకమని చెప్పింది. గ్యాస్ మాత్ర ముట్టనివాళ్లలో కూడా కొందరికి తగ్గదని చెప్పింది. వైరస్ పోయినా, ఆ స్థితికి వచ్చిన కాలేయం వల్ల రక్తం పడే ప్రమాదం వెంటనే పోదని కూడా చెప్పింది.

ఆమె అంతా విన్నది.

“అవన్నీ సరేనమ్మా. ఇందులో నాది ఎంత?”

“అది ఎవరూ చెప్పలేరమ్మా.”

మరుసటి మంగళవారం ఆమె మళ్లీ వచ్చింది. టోకెన్ తీసుకుని రోగులతో పాటు బల్ల మీద కూర్చుంది. పిలిచాక లోపలికి వెళ్లి అదే అడిగింది. డాక్టరమ్మ అదే జవాబు చెప్పింది.