అక్కకి ఏ అడుగు పడవ

చదును అడుగు పడవే మేలు, ఇంకా ఆలోచన దేనికి, అక్క అందులో ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టు కూర్చుంది, రేవుగోడ లోపల నీళ్ళు కదలవు, పడవా కదలదు, ఇక్కడే ఓ కునుకు తీస్తానే అంటోంది, నవ్వుతోంది, చెవి జబ్బు వచ్చాక ఇంత నవ్వు ఇదే మొదలు, ఉన్నట్టుండి తల తిప్పితే లోకమంతా గిర్రున తిరుగుతుందట, జాగ్రత్తగా ఉంటే చాలని డాక్టరంటే సముద్రం ఊసే వద్దని బావ, పాపం బావకి బకెట్లో నీళ్ళు చూసినా భయమే, చెరో తెడ్డుపడవలో దీవుల మీదుగా మా ఏటేటి ప్రయాణం ఈసారి ఉందో లేదో ఈ పడవే తేల్చాలి, అక్క లేకుండా నేను పోతానా, పోను, ఉప్పులేని కూరలా ఉంటుంది.

కానీ పడవలు చేసే పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నాడు, చదునుది నీళ్ళకి అతుక్కుంటుందమ్మా, అల ఒరిగితే తనూ ఒరుగుతుంది, దూరం పోవాలంటే ఈ గుండ్రటి అడుగుదే, మొదట్లో ఊగిసలాడుతుంది, అలల్లో మాత్రం నిలబడుతుంది, పొడుగు, సన్నం, తిన్నగా పోతుంది, భుజాలకి శ్రమ తక్కువ, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఊగిసలాట అన్నాడు చూడండి, అక్కడే నాకు నచ్చలేదు.

అక్క అప్పుడే అందులోకి దిగింది, అమ్మో, చంటిపిల్లాడిలా ఒక్కచోట ఉండదేమే ఇది, అంటూ నా బొటనవేలు విరిగిపోయేలా పట్టుకుంది, బయటికి వచ్చెయ్యక్కా, వద్దు, అని నేనంటే, నిలవనీళ్ళలో కూర్చుని అలల సంగతి తేలుస్తావా, గిన్నె చూసి కూర రుచి చెప్పినట్టుంది నీ యవ్వారం, అని వేలు వదిలేసి తెడ్డు వేసుకుంటూ గోడ దాటి పోయింది, మొండిఘటం, నాకు మిగిలింది ఆ చదునుదే.

నేనూ అందులో వెనకే గోడ దాటగానే అలలు పక్కనుంచి వస్తున్నాయి, నా సోఫా ప్రతి అలకీ ఒరిగిపోతోంది, నేను పళ్ళు బిగించి కూర్చున్నాను, ముందు అక్క పడవ ఊగుతోంది, మళ్ళీ నిలబడుతోంది, అక్క నడుము వదులుగా ఉంది, తల మాత్రం తిప్పట్లేదు, అయినా ఎప్పుడు తిప్పింది గనక, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి చూసిన పాపాన పోలేదు, ఉన్నావటే అని అరుస్తుంది, నేను ఉన్నానంటాను, అంతే, ఇదిగో ఇప్పుడూ అరుస్తోంది, పిచ్చి అక్క, నేనెప్పుడూ వెనకే ఉంటానన్న నమ్మకంతోనే అన్ని దీవులూ దాటింది, ఆ నమ్మకానికి చెవితో పనేముంది, ఉన్నానక్కా, ఉన్నాను.