ఎనిమిది మూళ్ల పక్కన ఒకటి

మొగల్తూరు దగ్గరి ఒక పల్లె హైస్కూల్లో, పదో తరగతి నల్లబల్లకు పైన, నీలం పెయింటుతో 333333331 అని రాసి ఉంటుంది. దాని కింద ‘దీన్ని ఏ సంఖ్యా భాగించలేదు’ అని ఇంకో ముక్క. ఆ ముక్క అబద్ధమని లెక్కల మాస్టారు భాస్కరంగారికి ఇరవై రెండేళ్లుగా తెలుసు.

అప్పట్లో ఆయనకు తనను మించిన లెక్కల మాస్టారు జిల్లాలోనే లేడని గట్టి నమ్మకం. 31ని ఒకటీ, అదీ తప్ప ఏదీ భాగించదు. ముందు ఒక మూడు చేరిస్తే 331, దాన్నీ భాగించదు. ఇలా ఏడు మూళ్ల దాకా కుస్తీ పట్టి, ఎనిమిదో మూడుకు ఓపిక లేక, అదీ అంతేనని క్లాసులో ప్రకటించేశారు. మూడో బెంచీలోంచి వెంకటదుర్గ లేచి, పదిహేడుతో పోతోందండి, శేషం రావట్లేదండి అంది.

“కూర్చో. ముందు ఎక్కాలు నేర్చుకో,” అన్నారాయన. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం ఇంటికెళ్లి భాగించి చూస్తే శేషం సున్నా. రేపు చెబుదామనుకున్నారు. రేపటికి, ఇన్‌స్పెక్షన్ ఉందని హెడ్మాస్టరు ఆ సంఖ్యను గోడకెక్కించేశారు. ఇక నోరు పెగల్లేదు. గోడకు సున్నం వేసిన ప్రతిసారీ పిల్లలు దాన్ని భక్తిగా మళ్లీ దిద్దేవారు. దుర్గ పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు మానేసింది. ఇప్పుడు ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతోంది. ఆరేళ్లుగా ఆమె వడ్డించిన అన్నం ఆయన తలెత్తకుండా తింటున్నారు.

రిటైర్మెంటు సభ నాడు పాత విద్యార్థుల తరఫున దొరబాబు ఒక గ్రానైటు పలక మోయించుకొచ్చాడు. దాని మీద అదే సంఖ్య, బంగారు రంగులో. మాస్టారి ఇంటి గేటు స్తంభానికి రేపే బిగిస్తామని మైకులో చెప్పాడు. బడి గోడ వదిలిందనుకుంటే ఇంటి గేటు పట్టుకుంది. భాస్కరంగారు మైకు లాక్కున్నారు.

“ఇది తప్పండి. పదిహేడుతో పోతుంది.”

అంతా చప్పట్లు కొట్టారు. వెళ్తూ వెళ్తూ కూడా మాస్టారు మనకో లెక్క ఇచ్చారని దొరబాబు మురిసిపోయాడు. ఒక్కరూ పెన్ను తీయలేదు.

ఆయన వేదిక దిగి, వరండాలో పులిహోర వడ్డిస్తున్న దుర్గ దగ్గరకు వెళ్లారు. ఆ రోజు నువ్వు చెప్పిందే రైటమ్మా, ఆ సాయంత్రమే చూసుకున్నాను అన్నారు. చెప్పేశాక గుండె తేలికవుతుందనుకున్నారు పాపం.

దుర్గ గరిట ఆగింది.

“నాకే భాగారం రాదనుకున్నానండి, ఇన్నాళ్లూ,” అంది. ఆపైన అడిగింది. “ఆ సాయంత్రమేనాండి?”

ఆయన తలూపారు. దుర్గ వరసలో తర్వాతి ప్లేటు అందుకుంది.

మర్నాడు మేస్త్రీ పలక బిగించేసి, సిమెంటు ఆరేదాకా గేటు తీయకండి మాస్టారూ అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన లోపలే ఉండిపోయారు.