తెర నల్లబడకుండా

"ఆఖరున నేను చేతులు జోడించిన ఫొటో వెయ్యి. పెద్దగా వెయ్యి, వెనక కుర్చీలో కూర్చున్నవాడికి కూడా కనపడాలి" అన్నాడు నాన్న. అప్పుడు నేనూ అమ్మా పట్టుపురుగుల ఇంట్లో, తట్టల్లో తిని వదిలేసిన ఈనెలు ఏరి పోస్తున్నాం. నాన్న గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. లోపలికి రావాలంటే కాళ్లు కడుక్కోవాలి. అంత ఓపిక ఆయనకి ఎప్పుడూ ఉండదు.

నాన్న పేరు హొంబాళేగౌడ. ఈ ఏడాది మా తాలూకా పట్టు రైతుల సంఘం ఆయన్ని ఉత్తమ రైతుగా ఎంచింది. రెండు వారాల తర్వాత కనకపురలో సభ. ఎంపికైనవాళ్లు తమ పెంపకం ఎలాగో స్లైడ్ షో వేసి చూపించాలి. మా ఊరి హైస్కూల్లో కంప్యూటర్ వచ్చిన నలుగురిలో నేనొకదాన్ని కనుక ఆ పని నాకు పడింది. నేను మాట్లాడితే పక్క బెంచీకి కూడా వినపడదని క్లాసులో అందరూ నవ్వుతారు. అందుకే చెప్పాల్సినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటాను.

ఆ నోటుబుక్కులో ఒక పేజీ నిండా అమ్మ పనులే. తెల్లారకముందే మల్బరీ కోత. వాడిపోకుండా తడి గోనె కప్పి ఆకు మోసుకురావడం. రోజుకి మూడు మేతలు. చలి పెరిగితే కుంపటి, ఎండ ముదిరితే కిటికీలకి తడి గుడ్డలు. పెద్దయిన పురుగులు మేస్తుంటే రేకు మీద వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఏ మూల సన్నగిల్లిందో అమ్మకి వంటింట్లోంచే తెలుస్తుంది. రాగిముద్ద కెలికే కర్ర అలాగే వదిలేసి పరిగెడుతుంది. నాన్న పనుల కోసం ఎదుటి పేజీ వదిలాను. పట్టుగూళ్లు మార్కెట్టుకి తీసుకెళ్లడం అని రాశాను. అబద్ధం రాయకూడదు కనుక, గదికి మందు కొట్టడం అని కూడా రాశాను. ఇంకా చాలా చోటు మిగిలింది. మా అజ్జి, నాన్న తల్లి, మాత్రం వాకిట్లోకి ఎవరొచ్చినా "మావాడి చెయ్యి మంచిది, ఒక్క పురుగు పాడవదు" అంటుంది.

అజ్జిది ఇంకో మాట కూడా రాసుకున్నాను. ముట్టయిన ఆడది పురుగుల ఇంట్లో అడుగుపెడితే పురుగులకి రోగం వస్తుందట. గోరంత పిల్ల పురుగులు ఇంటికొచ్చిన మొదటి వారంలో "ఏయ్ శివలింగీ, ఈ నెల నీ రోజులెప్పుడు?" అని అడిగి మరీ అమ్మని వాకిట్లో కూర్చోబెడుతుంది. ఆ వారం పని తక్కువ. చివరి వారంలో ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు. ఆ వారం అజ్జి ఏమీ అడగదు. అడగనప్పుడు పురుగులకి రోగం కూడా రాదు.

మర్నాడు నాన్న తెల్ల చొక్కా వేసుకుని ఫొటోకి సిద్ధమయ్యాడు. వెదురు బద్దల్ని చుట్టలుగా అల్లిన చంద్రికని బయటికి తెప్పించి, తట్టలోంచి నాలుగు పురుగులు తీయించి దాని మీద పెట్టాడు. పండిన పురుగులు గూడు కట్టేది చంద్రిక మీదే. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యో, దించండి. అవి ఇంకా మూడు రోజులు మెయ్యాలి. కడుపు నిండకుండానే పడుకోబెడతారా?"

"ఫొటోలో పురుగు ఆకలి కనపడుతుందా? నీ పని నువ్వు చూసుకో" అన్నాడు నాన్న. నాతో "ఈ ఫొటో తప్పకుండా ఉండాలి" అన్నాడు. సభకొచ్చేదంతా పట్టు రైతులే, వాళ్లకి కనపడుతుంది నాన్నా అని నోటిదాకా వచ్చింది. నోటుబుక్కులో రాసుకున్నాను.

మూడు రోజులకి పురుగులు పండాయి. అమ్మ ఒక్కో పురుగునీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి చంద్రిక మీదికి వదులుతోంది. నేను ఫోనులో ఒక ఫొటో తీశాను. "నన్నెందుకే, ముడి కూడా ఊడిపోయింది" అంది, చెయ్యి మాత్రం ఆపకుండా.

బడిలో కంప్యూటర్ చెప్పే రోహిణి మిస్ నా స్లైడ్లన్నీ చూసి, "చివర ఏమవ్వాలో ఆలోచించావా?" అని అడిగింది. "మనం ఏమీ చెప్పకపోతే ఆఖరి స్లైడ్ తర్వాత తెర నల్లబడిపోతుంది. అయిపోయింది, పొండి అన్నట్టు. అలా వద్దంటే ఇక్కడ మార్చుకోవచ్చు. నీకు ఆఖరున ఏం మిగలాలి?"

ఎలా మార్చాలో రెండుసార్లు చూపించమన్నాను.

అన్ని స్లైడ్లూ వాటంతటవే మారేలా గడువు పెట్టాను. నాన్న చంద్రిక పట్టుకున్న ఫొటో వేశాను. చేతులు జోడించిన ఫొటో పెద్దగా వేశాను. దాని తర్వాత అమ్మ ఫొటో పెట్టి, కింద ఇలా రాశాను: 'ఈ గూళ్లు శివలింగమ్మ చేతి పంట. పురుగు పండిందని ఎలా తెలుస్తుందో ఆమెనే అడగండి.' ఆ ఒక్క స్లైడ్‌కి గడువు పెట్టలేదు. మౌస్ ఎంత నొక్కినా కదలకుండా మార్చాను. మూలనున్న ఎస్కేప్ మీట నొక్కితేనే ఆగుతుంది.

సభలో మగవాళ్లు ముందు కుర్చీల్లో, అమ్మా మిగతా ఆడవాళ్లూ వెనక వరసల్లో కూర్చున్నారు. నేను వేదిక పక్కన కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. నాన్న బాగానే మాట్లాడాడు. చంద్రిక ఫొటో రాగానే వెనకనుంచి ఎవరో ఆవిడ గట్టిగా అంది, "ఏంటి గౌడా, ఆకలి పురుగుల్ని మంచమెక్కించావు!" హాలంతా నవ్వు. నాన్న మెడ తుడుచుకున్నాడు. నమస్కారం ఫొటో వచ్చింది, ఆయనా చేతులు జోడించాడు. చప్పట్లు మొదలయ్యాయి. తెర మారింది. అమ్మ వచ్చింది. ముడి ఊడిన జుట్టుతో, పురుగుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, గోడంత పెద్దగా.

చప్పట్లు ఆగిపోయాయి. సంఘం అధ్యక్షుడు వచ్చి మౌస్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "ఏం పాపా, ఇది పోదేంటి?"

"ఆపవే సించనా" అన్నాడు నాన్న పళ్ల మధ్యనుంచి.

నా వేలు ఎస్కేప్ మీట పక్కనే ఉంది. "అమ్మ చెప్పాక ఆపుతా నాన్నా" అన్నాను. మైకు నా ముందే ఉందని చూసుకోలేదు. నా గొంతు హాలంతా వినపడింది. పక్క బెంచీకి కూడా వినపడని గొంతు.

"రా శివలింగక్కా, చెప్పు మరి!" అని వెనక వరసలు అరిచాయి. అమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంటూ, మధ్య దారిలో నడుచుకుంటూ వచ్చింది. మైకుని ముట్టుకోలేదు, దానికి దూరంగానే నిలబడి చెప్పింది.

"మేత మానేస్తుంది. తలెత్తి అటూ ఇటూ వెతుక్కుంటుంది. వెలుతురుకి పెడితే ఒళ్లు పండు ద్రాక్షలా మెరుస్తుంది. పచ్చిదాన్ని ఎక్కిస్తే ఆకలికి దిగిపోతుంది. ఆలస్యం చేస్తే తట్టలోనే కట్టేసుకుని పాడుచేస్తుంది. మధ్యలో ఒక పూటే ఉంటుంది. ఆ పూట మనం అక్కడ ఉండాలి."

వెనకనుంచి ప్రశ్నలు వచ్చాయి. ముందు కుర్చీల్లోంచి కూడా రెండొచ్చాయి. అన్నిటికీ నిలబడే చెప్పింది. ఎంతసేపు చెప్పినా తెర నల్లబడలేదు. చివరికి నా వైపు తిరిగి "ఇంక చాలు. ఏ మీటే?" అంది. చూపించాను. మల్బరీ పాలకి నల్లబడ్డ వేలితో తనే నొక్కింది.

తిరిగొచ్చే బస్సులో నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "ముందే చెబితే మంచి చీర కట్టుకొచ్చేది కదా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. కోపమో ఏమో నాకు అర్థం కాలేదు. ఆ రోజంతా నేను తలెత్తుకుని నడిచానని మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను.

నాలుగు రోజులకి కొత్త పిల్ల పురుగులు ఇంటికొచ్చాయి. అజ్జి వాకిట్లో కూర్చుని అడిగింది, "ఏయ్ శివలింగీ, నీ రోజులెప్పుడు?"

"ఈ పొద్దే అత్తా" అంది అమ్మ, కాళ్లు కడుక్కుంటూ.

"మరి అటెక్కడికి?"

"చివరి వారం అడగరు కదా. మొదటి వారం కూడా అడక్కండి."

అమ్మ లోపలికెళ్లి తట్ట మీద కప్పిన కాగితం తీసింది. అజ్జి నాన్న వైపు చూసింది. నాన్న గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"వస్తే కాళ్లు కడుక్కుని రండి" అంది అమ్మ, పురుగుల మీదనుంచి చూపు తిప్పకుండా.